స్టేషన్ పక్కన అడవి

(మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాశాను. తడబడ్డ చోట్లు కొన్ని తీసేశాను, అన్నీ తియ్యలేదు.)

నమస్కారం అండి. వెనక వరుసకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే... సరే, ఉండనివ్వండి, ఉక్కపోస్తుంది.

జపాన్ గురించి ఏదైనా మాట్లాడమన్నారు నన్ను. మామూలుగా జపాన్ అనగానే బుల్లెట్ ట్రైను, శుభ్రత, క్రమశిక్షణ అని ఓ అరగంట చెప్పి, చివర్లో "మనమెప్పుడు బాగుపడతామో" అని మనల్ని మనం నాలుగు తిట్లు తిట్టుకుని, టీ తాగి ఇంటికెళ్లిపోతాం. ఇవాళ ఆ కార్యక్రమం లేదు. ఆరేళ్లు టోక్యోలో ఉన్నాను, అక్కడ నేను ఎన్నిసార్లు వెళ్లానో నాకే లెక్క తెలియని చోటు ఒకటుంది, దాని గురించి చెబుతాను. అదొక షింతో గుడి, షింతో అంటే జపాన్ వాళ్ల సొంత మతం. పేరు మెయిజీ జింగూ.

గుడి అన్నానని మన గుడి ఊహించుకోకండి. గోపురం ఉండదు, ప్రసాదం ఉండదు, పొద్దున్నే మైకులో పాటలు ఉండవు, లోపల విగ్రహం కూడా కనిపించదు. ఆ చివరి సంగతి మీద మా అమ్మ పెద్ద గొడవే చేసింది, దానికి తర్వాత వస్తాను.

ముందు నేను అక్కడికి ఎలా చేరానో చెప్పాలి. భక్తితో వెళ్లలేదు, నిద్రపోయి వెళ్లాను.

2016లో సంగతి. మా క్లయింటు ఆఫీసు షినగావా వైపు ఉండేది. ఆ రోజు రాత్రంతా సాఫ్ట్‌వేర్ రిలీజు. అర్ధరాత్రి ఏదో పగిలింది, అది మా వల్లే అని వాళ్లు, కాదని మేము, తెల్లారి అయిదింటికి చూస్తే కారణం ఎవరో ఎప్పుడో మార్చి మర్చిపోయిన ఒక చిన్న సెట్టింగు. తప్పు మాది కాదని తేలింది కానీ, రాత్రంతా వంగి వంగి క్షమాపణలు చెప్పింది మాత్రం మేమే. ఆ టెన్షన్‌తో, పొట్టలో కాఫీ తప్ప ఏమీ లేకుండా యమనోతే లైను ఎక్కాను. అది టోక్యో నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా తిరిగే రైలు, ఒక చుట్టు తిరగడానికి సుమారు గంట. నేను టోక్యో స్టేషన్‌లో దిగి, పక్కనే ఒతెమాచికి నడిచి, తోజాయ్ లైను పట్టుకుని నిషి-కసాయ్ వెళ్లాలి. మనవాళ్లలో చాలామంది అక్కడే ఉంటారు, ఇండియా సరుకుల కొట్లు, మన భోజనం దొరికే హోటళ్లు అన్నీ ఆ చుట్టుపక్కలే. కూర్చున్నాను, కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి టోక్యో దాటి, ఉయెనో దాటి, ఇకెబుకురో దాటి, షింజుకు కూడా దాటిపోయి బండి హరజుకులో ఆగి ఉంది.

దిగిపోయాను. ఎందుకు దిగానంటే చెప్పలేను, తలుపు తెరిచి ఉంది, దిగాను, అంతే.

హరజుకు అంటే టోక్యో కుర్రకారు అడ్డా. తకెషితా అని ఒక సన్నటి వీధి ఉంది, రంగు రంగుల జుట్లు, క్రేపులనే పల్చటి తీపి అట్లు అమ్మే కొట్లు, సాయంత్రమైతే పండగ ముందురోజు మన బట్టల బజారులో ఉన్నట్టు ఒకళ్ల భుజం ఒకళ్లకి తగులుతూ ఉంటుంది. ఒక స్టేషన్ అటు వెళ్తే షిబుయా, ఫోటోల్లో చూసే ఉంటారు, సిగ్నల్ పడగానే నాలుగు వైపుల నుంచీ జనం ఒకేసారి రోడ్డు దాటే ఆ కూడలి. రెండు స్టేషన్లు ఇటు వస్తే షింజుకు, ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్. ఈ రెంటి మధ్యలో, స్టేషన్ బయటికొచ్చి చూస్తే పట్టాల మీదుగా ఒక చిన్న వంతెన, వంతెన అవతల అడవి.

పార్కు అనడం లేదండి, అడవి అంటున్నాను. సుమారు 70 హెక్టార్లు, మన లెక్కలో 170 ఎకరాలు పైచిలుకు. అంత ఖరీదైన నేల మీద! మా రియల్ ఎస్టేట్ బావగారికి ఈ మాట చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు.

మొదట ఎదురయ్యేది తోరీ. రెండు నిలువు స్తంభాలు, పైన రెండు అడ్డ దూలాలు, తలుపు ఉండదు, గోడ ఉండదు. అటు కామి ఉండే చోటు, ఇటు మనం ఉండే చోటు అని చెప్పే గుర్తు. కామి అంటే దేవుడనొచ్చు, పూర్తిగా సరిపోదు గానీ. కొండ కామి కావొచ్చు, జలపాతం కావొచ్చు, చనిపోయిన మనిషీ కావొచ్చు. మన ఊరి పొలిమేరలో వేపచెట్టు కింద పసుపు రాసిన రాయి, పేరంటాలమ్మ గుడి, ఇవి తెలిసిన మనకి కామి అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు. తోరీ అన్న మాట మన తోరణం నుంచే వచ్చిందని కొందరంటారు, కాదు పక్షులు వాలే కొమ్మ అని అర్థం అని కొందరు. నాకైతే ఆ తగువు తీర్చే అర్హత లేదు.

తోరీ దగ్గర అందరూ ఆగి కొంచెం తల వంచి లోపలికి వెళ్తున్నారు. నేనేం చేశానో తెలుసా, చెప్పులు ఎక్కడ వదలాలా అని చుట్టూ వెతికాను. స్టాండు లేదు. చెట్టు పక్కన విప్పుదామా అనుకుని ఒక షూ విప్పేశాను కూడా. అటు వెళ్తున్న ఒక ఆఫీసు మనిషి నా కాలికేసి చూసి, నా మొహంకేసి చూసి, చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. అక్కడ షూతోనే వెళ్లాలి. ఎన్నిసార్లు వెళ్లినా ఆ మొదటి అడుగు నాకు తప్పు చేస్తున్నట్టే ఉండేది, పుట్టిన దగ్గర్నుంచి ఉన్న అలవాటు మరి.

దారంతా కంకర. సన్నటిది, బూడిద రంగుది. అడుగు వేస్తే కరకరమంటుంది. ఆ శబ్దం గురించి ఒక్క నిమిషం చెప్పనివ్వండి. మొదటి పాతిక అడుగులు దాకా వెనక రైలు అనౌన్స్‌మెంటు వినిపిస్తూనే ఉంటుంది, బండి వెళ్లిన చప్పుడు కూడా. దారి ఒక వంపు తిరుగుతుంది. ఎక్కడ తగ్గిందో తెలియకుండా అది తగ్గిపోయి, కాసేపటికి మీకు వినిపించేది మీ అడుగుల చప్పుడొక్కటే. ముందు నడిచేవాళ్లది, మీది కలిసిపోతుంది. ఇంకోటి, ఆ దారి మధ్యలో నడవరు, మధ్యభాగం కామి నడిచే దారి అంటారు, పక్కగా నడుస్తారు. బోర్డు పెట్టి చెప్పేదేం లేదు, తెలిసినవాళ్లు నడుస్తారు, మనలాంటివాళ్లు మధ్యలో నడిచినా ఎవరూ ఏమీ అనరు.

లోపల ఇంకో తోరీ ఉంది, పెద్దది. 12 మీటర్ల ఎత్తు. ఒక్కో స్తంభం 1.2 మీటర్ల అడ్డం, ఇద్దరు మనుషులు చేతులు చాపి వాటేసుకున్నా అందదు. పాతది పిడుగు పడి దెబ్బ తింటే, 1975లో ఇది నిలబెట్టారు. అంత లావు చెట్టు జపాన్‌లో దొరక్క తైవాన్ నుంచి తెచ్చారు, 1500 ఏళ్లు దాటిన సైప్రస్ చెట్టు. అంత వయసున్న చెట్టుని కొట్టి, చెట్ల మధ్యలో గుమ్మంగా నిలబెట్టడం నాకు కొంచెం విచిత్రంగానే అనిపిస్తుంది. అనిపించిన మాట చెప్పాను, అంతే.

దానికి ముందే దారి పక్కన ఒకవైపు సాకే అనే బియ్యపు మద్యం పీపాలు, తెల్ల గడ్డి చుట్టి, బొమ్మలేసి, వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. సాకే తయారీదారులు గుడికి సమర్పించినవి. దానికి సరిగ్గా ఎదురుగా ఫ్రాన్సులోని బుర్గుండి నుంచి వచ్చిన వైను పీపాలు. మా ఫ్రెండ్ ఒకడు ఇది చూసి "నాకు నచ్చిన మతం దొరికిందిరా" అన్నాడు. ఆ సాకే పీపాలు ఖాళీవి అని చెప్పాక కొంచెం డీలా పడ్డాడు.

ఆ తర్వాత నీళ్ల తొట్టి. ఇక్కడ నా పరువు పోయింది.

రాతి తొట్టి, దాని మీద వరసగా వెదురు గరిటెలు. తెమిజు అంటారు, లోపలికి వెళ్లేముందు చేతులు, నోరు శుభ్రం చేసుకోవడం. నాకు తెలియదు. రాత్రంతా నిద్ర లేదు, ఎదురుగా గుడి, చేతిలో గరిటె, గరిటెలో నీళ్లు. ఏం చేస్తాం? కుడి అరచేతిలో పోసుకుని తీర్థంలా తాగేసి, తడి చెయ్యి తలకి రాసుకున్నాను. (నవ్వులు) నవ్వండి, మీరైనా అదే చేస్తారు. పక్కన ఒక ముసలావిడ, డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి, టోపీ పెట్టుకుంది, నన్ను చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. తను ఇంకోసారి మొదటి నుంచి మొదలుపెట్టింది, నాకు కనబడేలా, మెల్లగా. కుడిచేత్తో గరిటె పట్టుకుని ఎడం చెయ్యి కడుక్కుంది. గరిటె చెయ్యి మార్చి కుడిచెయ్యి కడుక్కుంది. మళ్లీ కుడిచేత్తో పట్టుకుని ఎడమ అరచేతిలో కాసిని నీళ్లు పోసుకుని పుక్కిలించింది, గరిటెకి పెదాలు తగలనివ్వలేదు. ఎడం చెయ్యి ఇంకోసారి. చివర్లో గరిటె నిట్టనిలువుగా ఎత్తింది, మిగిలిన నీళ్లు కాడ మీదుగా జారి, తను పట్టుకున్న చోటు కూడా కడిగేశాయి, తర్వాత వచ్చేవాళ్ల కోసం. ఇదంతా ఒక్క గరిటెడు నీళ్లతో. మళ్లీ ముంచలేదు. నేను చేసేసరికి మూడు గరిటెలైంది, చొక్కా ముందుభాగం కూడా తడిసింది.

మా నాయనమ్మ ఎంగిలి తగలకుండా చెంబు పైకెత్తి నీళ్లు పోసుకునే తీరు గుర్తొచ్చింది ఆవిణ్ణి చూస్తే. శుచి అన్న మాటకి వాళ్ల దగ్గరా మన దగ్గరా ఒకటే లెక్క, గరిటె ఆకారమే తేడా.

సరే, లోపల. రాగి రేకు కప్పు, అప్పట్లో ఆ రాగి పచ్చబారిపోయి ఉండేది. కింద కట్టెకి రంగు వెయ్యరు. విశాలమైన ఖాళీ ప్రాంగణం. ముందు ఒక చెక్క డబ్బా, చిల్లర వెయ్యడానికి. చాలామంది 5 యెన్‌ల నాణెం వేస్తారు, మధ్యలో చిల్లు ఉంటుంది దానికి. 5 యెన్‌లని వాళ్లు "గో ఎన్" అంటారు, అదే పలుకుబడితో ఇంకో మాట ఉంది, మనుషుల మధ్య కుదిరే సంబంధం అని అర్థం. దానికి తెలుగు మాట వెతుక్కుంటే నాకు తట్టింది ఋణానుబంధం. అయిదు యెన్‌లతో ఋణానుబంధం, చవకే. డబ్బు వేసి రెండుసార్లు నడుం వంచి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో అనుకునేది అనుకుని, ఇంకోసారి వంగి పక్కకి తప్పుకుంటారు. అంతే పూజ. గోత్రం అడగరు, టికెట్ లేదు, స్పెషల్ దర్శనం లేదు. అర నిమిషంలో అయిపోయింది. అయిపోయాక నేను అలవాటుగా ప్రదక్షిణం మొదలెట్టాను, పక్కకి వెళ్తే దారి మూసుకుపోయింది. వెనక్కొచ్చేశాను.

ఆ రోజు ప్రాంగణంలో ఒక మూల రాతిమెట్టు మీద గంటన్నర కూర్చున్నాను. ఏం ఆలోచించానంటే ఏం లేదు. ఆకలి వేసింది, అప్పుడు లేచాను. చాలా రోజుల తర్వాత ఆకలి వేసిందని అప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ చెట్లు చూసి నేననుకున్నది, ఇది ఏ వెయ్యేళ్ల నాటి అడవో, నగరం చుట్టూ పెరుగుతూ వచ్చి దీన్ని మాత్రం వదిలేసి ఉంటారు, దేవుడి మాన్యం కదా అని. ఓ ఏడాది పాటు అలాగే అనుకున్నాను, ఊరి నుంచి వచ్చినవాళ్లకి కూడా అదే చెప్పి తీసుకెళ్లాను. పూర్తిగా తప్పు. ఆ గుడి ప్రతిష్ఠ జరిగింది 1920 నవంబరు 1న. మా తాతయ్య 1919లో పుట్టాడు. అంటే ఆ గుడి కన్నా మా తాతయ్యే ఏడాది పెద్ద!

మెయిజీ చక్రవర్తి 1912లో పోయారు. ఆయన కాలంలోనే రాజధాని క్యోటో నుంచి టోక్యోకి మారింది. సమాధి టోక్యోలోనే కట్టాలని ఊరి పెద్దలు పట్టుబట్టారు, కానీ అది క్యోటోకి వెళ్లిపోయింది. అయితే గుడైనా మాకు కావాలన్నారు. ఆ అడిగినవాళ్లలో ముందున్నాయన షిబుసావా ఎయిచి, పెద్ద వ్యాపారి, 2024 నుంచి వాళ్ల 10,000 యెన్‌ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే. 1914లో చక్రవర్తి భార్య షోకెన్ కూడా పోయారు. ఇద్దరికీ కలిపి ఈ గుడి.

కానీ స్థలం చూస్తే పెద్ద చెట్లున్న అడవేమీ కాదు. ఒక పాత ఉద్యానవనం ఉంది, చక్రవర్తి తన భార్య కోసం ఐరిస్ పూలు నాటించిన తోట, ఇప్పటికీ జూన్‌లో పూస్తాయి, దానికి వేరే టికెట్టు. మిగతాదంతా పొలాలు, గడ్డి, బీడు. షింతో గుడికి అడవి ఉండి తీరాలి, అడవి లేని గుడి వాళ్ల లెక్కలో సగం గుడి. మరి అడవి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాటారు. దేశం మొత్తం నుంచి సుమారు లక్ష చెట్లు విరాళంగా వచ్చాయి. మొక్కలే కాదు, పెరిగిన చెట్లు కూడా, రైళ్లలో, పడవల్లో, బండ్ల మీద. ఊళ్లలోని యువజన సంఘాల కుర్రాళ్లు, మొత్తం లక్షా పదివేల మంది దాకా, వంతులవారీగా వచ్చి మట్టి తవ్వి నాటారు. 365 రకాల చెట్లు అని లెక్క.

ఇక్కడ ఒక మంచి తగువు జరిగింది. అడవిని ఎలా పెంచాలో చెప్పడానికి హోండా సెయిరోకు అనే ఆయన్ని పిలిచారు. జర్మనీలో అటవీశాస్త్రం చదివొచ్చిన మనిషి, టోక్యోలో హిబియా పార్కు గీసింది ఆయనే. ఆయన, హోంగో తకనోరి, ఉయెహారా కెయిజి అని ఇద్దరు శిష్యులు కలిసి, ఓక్, షియీ, కర్పూర చెట్టు లాంటి, ఏడాది పొడుగునా ఆకు ఉండే వెడల్పాకు చెట్లే వెయ్యాలన్నారు. అప్పటి ప్రధానమంత్రి ఒకుమా షిగెనొబు ఒప్పుకోలేదు. గుడికి దేవదారులాంటి చెట్లు నిటారుగా, గంభీరంగా ఉండాలి, నిక్కో అనే పాత గుళ్ల ఊళ్లో ఉన్నట్టు సుగి చెట్లు వెయ్యండి, ఈ పొదల అడవి ఏంటి అన్నాడు. ప్రధానమంత్రి అలా అంటే మామూలుగా ఏం జరుగుతుందో మనకి తెలుసు. ఇక్కడ మాత్రం హోండా లొంగలేదు. నిక్కోలో సుగి ఎలా పెరుగుతుందో, టోక్యో నేలలో ఎలా గిడసబారిపోతుందో లెక్కలు చూపించాడు. పక్కనే రైళ్లు, ఫ్యాక్టరీల పొగ, ఆ పొగకి సుగి తట్టుకోదన్నాడు. చివరికి ప్రధానమంత్రే తగ్గాడు.

వాళ్ల ప్లాను చూడండి. పైన ఎత్తుగా పైన్ చెట్లు, వాటి కింద కొంచెం పొట్టిగా హినోకి లాంటి చెట్లు, వాటి కింద ఓక్, కర్పూరం పిల్లచెట్లు, అట్టడుగున పొదలు. ప్రతిష్ఠ రోజుకి చూడ్డానికి గుడి గుడిలా ఉండాలి కాబట్టి పైన్ చెట్లు. ఆ తర్వాత యాభై ఏళ్లలో పైన్లు పోతాయి, హినోకిలు పైకొస్తాయి. వందేళ్లకి వెడల్పాకు చెట్లు వాటిని మింగేస్తాయి. నూటయాభై ఏళ్లకి ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పొయ్యకుండా, రాలిన గింజ నుంచి దానంతటదే పుట్టే అడవి అవుతుంది. ఈ దశలన్నీ బొమ్మలు గీసి పెట్టారు. ఆ బొమ్మలు గీసినవాళ్లలో ఒక్కరు కూడా నాలుగో బొమ్మ చూడలేరని గీస్తున్నప్పుడే తెలుసు. వందేళ్లకే ఆ చివరి దశకి దగ్గరపడిందని చెబుతున్నారు ఇప్పుడు. మన దగ్గర నాటిన మొక్కకి ట్రీగార్డు మీద దాత పేరు మొక్క కన్నా ముందు ఎండిపోతుంది... వద్దు, తిట్టుకోవడం లేదన్నాను కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఈ మెయిజీ చక్రవర్తి కాలంలోనే 1895లో తైవాన్, 1910లో కొరియా జపాన్ చేతిలోకి వెళ్లాయి. షింతోని ప్రభుత్వమే నడిపి, చక్రవర్తి భక్తినీ యుద్ధాన్నీ దానికి ముడేసిన రోజులు అవి. 1945 ఏప్రిల్‌లో అమెరికా విమానాలు వేసిన నిప్పు బాంబులకి ఈ గుడి ప్రధాన మందిరం కాలిపోయింది. అడవి చాలావరకు నిలబడింది. ఇప్పుడున్న మందిరం 1958లో తిరిగి కట్టినది. యుద్ధం అయ్యాక ప్రభుత్వానికీ షింతోకీ లంకె తెంపేశారు. మా ఆఫీసులో ఒక కొరియా అమ్మాయి ఉండేది, హరజుకులో క్రేపు తినడానికి వచ్చేది గానీ వంతెన దాటి ఇటు వచ్చేది కాదు. ఎందుకని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. అక్కడి ప్రశాంతత గురించి ఎవరైనా మరీ తియ్యగా మాట్లాడితే నాకు ఆ అమ్మాయి గుర్తొస్తుంది.

ఇక మా అమ్మ. ఒక ఏప్రిల్ నెలాఖరున వచ్చింది, మూడు వారాలు. రెండోరోజే గుడికి తీసుకెళ్లాను. తోరీ దగ్గర చెప్పులు విప్పేసింది, చెప్పాను కదా వంశపారంపర్యం. తొట్టి దగ్గర నేను నేర్చుకున్న పాండిత్యమంతా చూపించాను. మందిరం ముందు నిలబడి, మునివేళ్ల మీద లేచి, అటూ ఇటూ తొంగి చూసింది.

"దేవుడేడిరా?"

"లోపల ఉంటాడమ్మా, కనిపించడు."

"తెర ఎప్పుడు తీస్తారు?"

"తియ్యరు."

"అసలెప్పుడూ?"

"ఎప్పుడూ."

"మరి ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చావు నాన్నా?" అంది. నిజంగా కోపం వచ్చింది ఆవిడకి. వంద యెన్‌లు వేసి, చప్పట్లు కొట్టకుండా, చక్కగా రెండు చేతులూ జోడించి, విష్ణు సహస్రనామంలో తనకి నోటికొచ్చినంత చదువుకుని పక్కకొచ్చింది. వెనకాల నిలబడ్డవాళ్లు ఓపిగ్గా ఆగారు.

మందిరం పక్కన రెండు పెద్ద కర్పూర చెట్లున్నాయి, వాటిని కలిపి ఒక లావాటి గడ్డితాడు, షిమెనావా, కట్టి, తెల్లకాగితం మడతలు వేలాడదీస్తారు. మొగుడూ పెళ్లాల చెట్లు అంటారు. అమ్మ కింద పడున్న ఆకు ఒకటి తీసింది, ఎర్రబడ్డది. కర్పూర చెట్టు ఏడాదంతా పచ్చగానే ఉన్నా పాత ఆకు రాల్చేది ఏప్రిల్, మే నెలల్లో, కొత్త చిగురు వస్తున్నప్పుడు. ఆవిడకి చెట్టు పేరు తెలియదు, నేను చెప్పలేదు. అలవాటుగా, కరివేపాకు నలిపినట్టు వేళ్ల మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఒరేయ్, హారతి కర్పూరంరా ఇది!"

నేనూ వాసన చూశాను. నిజమే. అన్నిసార్లు వచ్చాను ఆ చెట్టు కిందికి, ఒక్క ఆకు ఎప్పుడూ నలపలేదు. ఒకప్పుడు ప్రపంచానికి కర్పూరం ఎక్కువగా వచ్చింది జపాన్, తైవాన్‌ల నుంచే, ఈ చెట్టు కట్టెని చెక్కముక్కలు చేసి ఆవిరి పట్టి తీసేవాళ్లు. ఇప్పుడు మనం కొనే బిళ్లలు చాలావరకు పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో చేసేవి. అమ్మకి అదంతా అనవసరం. దేవుడు కనపడని కోపం సగం దిగిపోయింది. ఇంకో నాలుగాకులు ఏరి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోబోయింది, ఇంటికి తీసుకెళ్లి పక్కింటావిడకి చూపించాలట.

అప్పుడే ఆయన కనిపించాడు, ఊడ్చేవాళ్లలో ఒకాయన. బారెడు వెడల్పున్న చీపురు, పొడుగాటి కర్ర. తోసుకుంటూ వెళ్లడు, అటొక ఊపు ఇటొక ఊపు, కంకర ఒక్కటి కదలదు, ఆకు మాత్రం లేచి పక్కకి వెళ్తుంది. మనవాళ్లు కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు చీపురు పట్టుకునే ఒడుపు చూశారా, అలా. అమ్మ ఆగి చూసింది. కుప్ప చేసిన ఆకులు ఎక్కడికి తీసుకెళ్తారని అడిగింది. చెప్పాను. బయట పారెయ్యరు, కాల్చరు. ఆ ఆకులన్నీ మళ్లీ అడవిలోనే చెట్ల కింద వేసేస్తారు, అదే ఎరువు. మొదటి ప్లానులోనే రాసిన నియమం అది, అడవిలోది ఏదీ బయటికి పోకూడదు, ఊడ్చిన ఆకు కూడా. 1920 నుంచి ఇప్పటిదాకా రోజూ, సూర్యోదయానికి గేటు తెరిచి సూర్యాస్తమయానికి మూసే ఆ గుడిలో, ఎవరో ఒకరు ఊడుస్తూనే ఉన్నారు. నేను మొదటిరోజు గంటన్నర కూర్చున్న ఆ మెట్టు దగ్గర కూడా ఎవరో అప్పటికే ఊడ్చి ఉంటారు, నేను చూడలేదు.

ఆ మాట విని అమ్మ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసింది. నాలుగాకులూ తీసి, కంకర అంచున, ఆయన చీపురు వచ్చే దారిలో పెట్టింది. విసిరెయ్యలేదు, వంగి పెట్టింది. ఆయన వచ్చాడు, చిన్నగా తల వంచాడు, చీపురు ఒక ఊపు ఊపాడు, ఆకులు వెళ్లిపోయాయి.

(ప్రశ్న వినిపించలేదు.) ఏంటండీ? ఆ, జనం ఉండరా అని. ఉంటారండి, కొత్త సంవత్సరం మొదటి మూడు రోజుల్లో సుమారు ముప్ఫై లక్షల మంది వస్తారు. ప్రశాంతత కోసమైతే జనవరి 1న వెళ్లకండి, తిరుమలే నయం అనిపిస్తుంది. మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. శనాదివారాలైతే పెళ్లి ఊరేగింపు కనిపించొచ్చు, ఎర్ర గొడుగు కింద తెల్ల బట్టల్లో పెళ్లికూతురు. జాతకం చీటీలు అడిగారు ఇందాక ఎవరో. ఇక్కడ మంచి, చెడు అని రాసి ఇవ్వరు, చక్రవర్తిదో చక్రవర్తినిదో ఒక పద్యం వస్తుంది. అదే నయం, అసకుసాలో సెన్సోజీ అని బౌద్ధాలయం ఉంది, అక్కడ చీటీ తీస్తే నాకు వరసగా రెండుసార్లు చెడ్డదే వచ్చింది.

ఆ రోజు మేం స్టేషన్ అవతల మెట్రో మెట్లు దిగి, చియోదా లైనులో ఒతెమాచి దాకా వచ్చి, తోజాయ్ లైనుకి మారాం. సాయంత్రం రద్దీ, నిలబడే ఉన్నాం. అమ్మ ఒక చేత్తో రాడ్డు పట్టుకుంది. రెండో చేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని నిషి-కసాయ్ వచ్చేదాకా తియ్యలేదు. పక్కన నిలబడ్డ కుర్రాడు ఆవిడకి జలుబు అనుకున్నట్టున్నాడు, టిష్యూ ప్యాకెట్ తీసిచ్చాడు.

టీ వచ్చినట్టుందండి. ఇక్కడికి ఆపుతాను.